వెనుక సీటు మాట

మా ఇల్లు సికింద్రాబాదులో, బౌద్ధనగర్‌లో. ఒక పక్క సీతాఫల్‌మండి, మరో పక్క వారాసిగూడ. రైలు పట్టాలు దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ చెట్ల నీడలోనుంచి పోతే తార్నాక. మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. 1893లో మొదలైన ఆ వర్క్‌షాపు మా చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. మా కుటుంబం కూడా వాటిలో ఒకటి.

నాన్నగారికి జీవితంలో ఒకే ఒక్క విలాసం ఉండేది, 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారు. 1979లో ఒక డాక్టరుగారి దగ్గర పాతది కొన్నారు. రెండే తలుపులు, ఎర్ర రంగు. బానెట్ మొత్తం ముందుకు లేస్తుంది కాబట్టి నేలమీద నిలబడే ఇంజను పని చేసుకోవచ్చు. సన్నటి మా సందులో కూడా ఇట్టే తిరిగేది. పాతిక అడుగుల వలయంలో తిరిగిపోయే కారని దానికి పేరు. వీధి పిల్లలు దానిని “రేసు కారు” అనేవారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చిన ఈ బండికి రూపం దిద్దినది మికెలోట్టి అనే ఇటలీ దేశస్థుడు. 1962లో అదే చాసిస్‌ను పొట్టిగా చేసి, వెనుక సస్పెన్షన్‌ను అలాగే ఉంచి, ఆయన రూపంతోనే స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. మన దేశంలో మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961 నుండి హెరాల్డ్‌ను తయారుచేసింది.

నాన్నగారు 1992లో ప్రభువునందు నిద్రించారు. కారు నా చేతికి వచ్చింది. దానితోపాటు దాని శబ్దాలు కూడా వచ్చాయి.

ఈ కారు వెనుక భాగం అంబాసిడర్‌లా ఉండదు. అంబాసిడర్‌కు ఎడ్లబండిలాగానే రెండు చక్రాలకూ కలిపి అడ్డంగా ఒకే ఇరుసు ఉంటుంది. హెరాల్డ్‌లో ఇరుసు రెండు ముక్కలు. మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ దగ్గర అవి కీలు మీద కదులుతాయి. ఒక చక్రం గుంటలో పడితే రెండవది దాని దారిన అది పోతుంది. పైన అడ్డంగా ఒకే ఒక కమాను కట్ట ఉంటుంది. మన పల్లెలలో కావడి మోసేవారిని చూశారు కదా! బద్ద నడుమ భాగం భుజం మీద ఉంటుంది, రెండు కొసలకూ కుండలు వేలాడుతాయి. ఇక్కడ డిఫరెన్షియల్ భుజం, కమాను బద్ద, చక్రాలు కుండలు. ఆ కుండలు ముందుకూ వెనుకకూ ఊగకుండా చాసిస్ నుండి ఒక్కొక్క చక్రానికి ఒక ఇనుప కడ్డీ పట్టి ఉంచుతుంది. దానిని రేడియస్ ఆర్మ్ అంటారు. దాని రెండు కొసలలోనూ రబ్బరు బుష్‌లు ఉంటాయి. జానెడు పొడవు కూడా లేని బోల్టులు వాటిని పట్టుకొని ఉంటాయి. నేను చెప్పబోయే సంగతంతా వాటిలో ఒక్క బోల్టు గురించే.

1994లో వెనుకనుండి శబ్దం మొదలైంది. మొదట విన్నది మా అమ్మ.

అమ్మ ఎప్పుడూ వెనుక సీటులో ఎడమ వైపునే కూర్చునేది. నాలుగేళ్ల మా పాప ఆమె ఒడిలో ఉండేది. ముందు సీటులో నా భార్య. ఒక ఆదివారం ఆరాధన ముగించుకొని వస్తూంటే, సీతాఫల్‌మండి దగ్గర స్పీడు బ్రేకరు దాటగానే అమ్మ అన్నది: “ఎన్క చక్రం కాడ సప్పుడొస్తున్నది బిడ్డా. ఎడమ దిక్కు.”

“పాత బండి కదమ్మా, శబ్దాలు రాకుండా ఉంటాయా?” అన్నాను. నాకైతే ఏమీ వినబడలేదు.

మరుసటి వారం మళ్లీ అన్నది. ఆ పై వారం కూడా అన్నది. మెల్లగా పోతూ చిన్న గుంటలో పడ్డప్పుడు “టక్” మంటుందట. పెద్ద గుంటలో అంత వినబడదట. బ్రేకు వేసినప్పుడు ఒకసారి, క్లచ్ వదిలి బండి కదిలినప్పుడు ఒకసారి కొట్టుకుంటుందట. ఇప్పుడు ఆలోచిస్తే, ఏ మెకానిక్కూ ఇంతకంటె చక్కగా రోగలక్షణం చెప్పలేడు. ఆమె పుట్టింది జనగామ దగ్గరి పల్లెలో. ఎడ్లబండి మీద పెరిగిన మనిషి. చీల అరిగితే బండి ఎలా మాట్లాడుతుందో, ఇరుసు ఎండిపోతే ఎలా ఏడుస్తుందో ఆమెకు చిన్ననాడే తెలుసు. కాని నేను డిగ్రీ చదివినవాడిని, పైగా స్టీరింగు నా చేతిలో ఉంది. ఆమె మాటను వినవలసిన అవసరం నాకు కనబడలేదు.

చివరకు శబ్దం నాకూ వినబడేంత పెద్దదైంది. ఇరుగుపొరుగువారు ఎవరికి తోచిన వైద్యం వారు చెప్పారు. ఒకరు ఇంజనునుండి తీసిన పాత ఆయిల్‌ను కమాను మీద, కింద ఉన్న కీళ్లన్నిటి మీద పోయమన్నారు. అమ్మ కూడా కందెన వేయమన్నది. పోశాను. వారం రోజులు హాయిగా ఉంది. తరువాత మొదటికంటె ఎక్కువైంది. ఇనుము మీద ఇనుము తిరిగే చోట కందెన మేలు చేస్తుంది. రబ్బరు ఉన్న చోట ఇంజను ఆయిల్ విషం వంటిది. రబ్బరు ఉబ్బి మెత్తబడి పొడిపొడిగా రాలిపోతుంది. శబ్దం ఎక్కడ ఉందో అమ్మ సరిగానే చెప్పింది, కాని మందు మాత్రం ఎడ్లబండి మందు చెప్పింది. నేను ఆ మందును తీసుకొని, స్థలం సంగతి వదిలేశాను.

తరువాత షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. రెండూ మార్పించాను. నెల జీతంలో పెద్ద ముక్క దానికే పోయింది. శబ్దం అలాగే ఉంది. ఆ పైన 1995 ఆగస్టులో ఒక శనివారం సాయంకాలం ఒక షెడ్డులో వెనుక ఉన్న రబ్బరు బుష్‌లన్నీ మార్పించాను. మరునాడు ఉదయం కుటుంబంతో ఆరాధనకు వెళ్లాలి కాబట్టి “తొందరగా కానివ్వండి” అని ఆ మెకానిక్ నెత్తిమీద నిలబడ్డాను. కారును జాకీ మీద లేపి, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే ఆయన బోల్టులన్నీ బిగించేశాడు. అందులోని పొరపాటు అప్పుడు నాకు తెలియదు. తొందరపెట్టిన నేరం మాత్రం నాదే.

రెండు నెలలు ఏ శబ్దమూ లేదు. నవంబరులో ఒకరోజు తార్నాక నుండి వస్తూంటే, ఆర్ట్స్ కాలేజీ రోడ్డులో అమ్మ మెల్లగా అన్నది: “మళ్ల మొదలైంది బిడ్డా.”

నాకు కోపం వచ్చింది. ఖర్చయిన డబ్బంతా కళ్లముందు తిరిగింది. “కారెక్కితే చాలు నీకు శబ్దమే వినబడుతుంది. అంత భయమైతే బస్సులో రా!” అన్నాను. పాప నావైపు చూసింది. నా భార్య కిటికీలోనుండి బయటికి చూస్తూ కూర్చున్నది. అమ్మ మారు మాట్లాడలేదు.

ఆ తరువాత కారులో శబ్దం సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకూ వినబడలేదు. కిటికీ అద్దాలు దించుకొని, ఇంజను మోతలో, ట్రాఫిక్కు గోలలో ముందు కూర్చున్నవాడికి వెనుక చక్రం శబ్దం ఎలా వినబడుతుంది? పోనీలే, దానంతట అదే సర్దుకున్నదని అనుకున్నాను.

1996 జనవరిలో జనగామ వైపు మా బంధువుల ఇంట పెండ్లికి బయలుదేరాము. వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్ దాటాక కుడివైపు మలుపు ఒకటి వచ్చింది. వేగం అంత ఎక్కువేమీ కాదు. ఎదురుగా లారీ వస్తున్నది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీదనుండి గభాలున కాలు తీశాను. అంతే, కారు వెనుక భాగం ఎవరో పట్టి నెట్టినట్టు ఎడమకు జరిగింది. ముందు భాగం లారీ వైపుకు తిరిగింది. స్టీరింగును ఎటు తిప్పానో నాకు గుర్తులేదు. లారీవాడు మట్టిలోకి దించి తప్పించుకున్నాడు. మేము రోడ్డు అంచున ఒక తుమ్మచెట్టుకు నాలుగడుగుల దూరంలో ఆగాము. లారీ దుమ్ము మామీద పడింది.

చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. పాప మాత్రం ఏడుస్తున్నది. నా చేతులు వణుకుతున్నాయి. వెనుకకు తిరిగి, “అమ్మా, ఆ శబ్దం ఇంకా వస్తున్నదా?” అని అడిగాను.

“ఎప్పుడు పోయింది?” అన్నది అమ్మ.

“మరి చెప్పలేదేమి?”

“సప్పుడు ఆగలేదు బిడ్డా. నేను చెప్పుడు ఆపిన.”

ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. పాప వీపు నిమురుతూ ఉన్న సంగతి చెప్పింది, అంతే. ఈనాటికి నాకు ఎందరో మంచి మాటలు చెప్పారు గాని, వాటిలో ఏదీ నాలో అంత లోతుకు దిగలేదు.

ఆ రోజు నడిచే వేగంతో వెనుకకు వచ్చాము. మరుసటి శనివారం నాన్నగారి స్నేహితుడు, ఆయనతోపాటు లాలాగూడలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. నేను ఆయనను చిన్నాన్న అని పిలుస్తాను. రైల్వేలో పెట్టెల చక్రాలను పొడవాటి పిడి ఉన్న సుత్తితో కొట్టి, శబ్దాన్ని బట్టి మంచిచెడ్డలు తెలుసుకునే పద్ధతి ఒకటి ఉండేది. మంచి చక్రం గంటలా మోగుతుంది. పగులున్న చక్రం బద్దగా పలుకుతుంది. అటువంటి చెవులు ఉన్న మనిషి ఆయన. వచ్చీ రాగానే కారు కిందికి దూరలేదు. “ముందు డిక్కీ ఖాళీ చెయ్యి” అన్నారు. జాకీ, పానాలు, స్టెప్నీ అన్నీ తీసి అరుగు మీద పెట్టాము. వెనుకనుండి వచ్చే శబ్దాలలో చాలావరకు డిక్కీలో వదులుగా దొర్లే సామానువేనట. అది తేలకుండా ఒక్క నట్టు కూడా విప్పరాదని చెప్పారు.

తరువాత అమ్మవైపు తిరిగి, “వదినా, నువ్వు ఎప్పుడూ కూసునే చోట్ల కూసో” అన్నారు. ఆమెకు ఎంత ఆశ్చర్యమో నాకు అంత సిగ్గు కలిగింది.

ఉస్మానియా క్యాంపస్ రోడ్లు ఉదయం పూట నిశ్శబ్దంగా ఉంటాయి. ఆర్ట్స్ కాలేజీ ముందు అటూ ఇటూ పది సార్లు నడిపాను. చిన్నాన్న చెప్పినట్టే చేశాను. అద్దాలు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి. బ్రేకు వేసి ఒకసారి, న్యూట్రల్‌లో వదిలి ఒకసారి. శబ్దం వచ్చినప్పుడల్లా అమ్మ వేలు ఎత్తేది. చిన్నాన్న ఆ వేలునే చూస్తూ కూర్చున్నారు. న్యూట్రల్‌లో మెల్లగా పోతూ గుంటలో పడినా శబ్దం వచ్చింది. కాబట్టి ఇరుసు కీళ్ల వల్ల, అంటే యూనివర్సల్ జాయింట్ల వల్ల కాకపోవచ్చునన్నారు. అవి అరిగితే ముఖ్యంగా ఇంజను బలం పడినప్పుడూ వదిలినప్పుడూ కొట్టుకుంటాయి. బ్రేకుకూ గుంటకూ రెంటికీ వస్తున్నదంటే చక్రం ముందుకూ వెనుకకూ జరుగుతున్నదన్నమాట. “ఎడమ వైపు, సీటు కిందనుంచి వస్తున్నది. చక్రం కాడ గాదు, దానికి జర ముందల” అన్నది అమ్మ.

ఇంటికి వచ్చాక ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనుక చాసిస్ కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టాము. జాకీని నమ్మి కారు కిందికి ఎవరూ దూరకూడదు. ఈ మాట ట్రాక్టరు ట్రాలీకి, జీపుకు కూడా వర్తిస్తుంది. చిన్నాన్న ఎడమ చక్రాన్ని ముందుకూ వెనుకకూ గుంజమన్నారు. గుంజాను. వేలెడంత కదిలింది. ఆయన టార్చి వేసి కిందనుండి నన్ను పిలిచారు.

రేడియస్ ఆర్మ్ ముందు కొసన, సరిగ్గా అమ్మ చెప్పిన చోట, కొత్తగా వేయించిన రబ్బరు బుష్ చీలికలు పీలికలై ఉంది. నట్టు వదులై చివరి రెండు మరలమీద ఆగి ఉంది. బోల్టు సగం బయటికి వచ్చేసింది. ఇంకొక యాభై మైళ్లు నడిచి ఉంటే ఆ చక్రాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండేది కాదు. మలుపులో కాలు తీయగానే వెనుక భాగం పైకి లేచి చక్రాలు లోపలికి వంగడం ఈ రకం ఇరుసుకు ఉన్న స్వభావమే. దానికి తోడు బరువు పడిన ఎడమ చక్రం వదులుగా ఉంటే కారు వెనుకనుండే దారి తప్పుతుంది. స్టీరింగు ముందు ఉన్నా ప్రయోజనం లేదు.

“కొత్త బుష్ మూడు నెలలకే ఎందుకు చీలింది చిన్నాన్నా?” అని అడిగాను.

“గాలిలో బిగించిన్రు గద” అన్నారాయన. కారు దిమ్మల మీద ఉన్నప్పుడు చక్రాలు కిందికి వేలాడుతాయి. అప్పుడు బోల్టు గట్టిగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది. కారును నేలమీదికి దించగానే బరువు పడి ఆర్మ్ కదిలి రబ్బరు మెలిపడుతుంది. మనిషి మెడ ఒక పక్కకు తిప్పి కట్టేసినట్టే. ఎంత కొత్త రబ్బరైనా ఆ మెలిక ఎన్నాళ్లు భరిస్తుంది? అందుకే బోల్టును ముందు వదులుగా ఎక్కించాలి. కారును నేలమీదికి దించి, అందులో మనుషులను కూర్చోబెట్టి, ఒకటి రెండుసార్లు ఊపి, అప్పుడు చివరి బిగింపు బిగించాలి. బరువు మోయవలసినదానిని బరువుమీదనే బిగించాలి.

ఆ కారుకు విడిభాగాలు దొరకడం అప్పటికే కష్టం. మద్రాసులో హెరాల్డ్ తయారీ 1971 ప్రాంతంలోనే ఆగిపోయింది. దాని తరువాత 1972లో వచ్చిన గజెల్‌కు విడి ఇరుసులు తీసివేసి, మన మెకానిక్కులకు అలవాటైన ఒకే ఇరుసు పెట్టారు. అదీ 1977తో ఆగింది. రాణిగంజ్‌లో దుకాణం దుకాణం తిరిగి, కొలత కలిసిన వేరే బండి రబ్బరు బుష్‌లు నాలుగు సంపాదించాను. వారాసిగూడలో లేతు పని చేసే ఒకాయన వాటిలోకి ఇనుప గొట్టాలు తిప్పి ఇచ్చాడు. బోల్టులు, విడిపోకుండా పట్టి ఉంచే లాక్ నట్లు కొత్తవి వేశాము. పాత ఆయిల్ జిడ్డంతా సబ్బునీళ్లతో కడిగాము. అంతా కలిపి రెండు వందల రూపాయలు కాలేదు. నేను వృథా చేసినదానిలో అది పదో వంతు కూడా కాదు.

చివరి బిగింపు వేళ కారు నేలమీద ఉంది. అమ్మ వెనుక సీటులో తన చోటనే కూర్చున్నది, పాప ఆమె ఒడిలో. నేను కింద పడుకొని పాన పట్టాను. పైన వారి బరువు, కింద నా చేయి. ఆ బోల్టు బిగుస్తుంటే వచ్చిన చిన్న కిర్రుమనే శబ్దం నాకు ఎంతో తృప్తినిచ్చింది. లేచి చేతులు తుడుచుకొని, “అమ్మా, ఆనాడు బస్సులో రమ్మన్నాను. తప్పు నాది” అన్నాను.

“బస్సుల సప్పుడు ఇంకెక్కువుంటది బిడ్డా” అని నవ్వింది.

ఆ సాయంకాలం ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద మళ్లీ నడిపాను. అమ్మ వేలు ఒక్కసారి కూడా లేవలేదు.

పాఠకులలో కారు ఉన్నవారు కొందరే ఉండవచ్చు. అయినా ట్రాలీ, ఆటో, మోటారుసైకిలు లేని ఊరు లేదు. వాటికీ వెనుక ఇటువంటి బుష్‌లు ఉంటాయి. శబ్దం వస్తే ముందుగా వదులు సామాను తీసి చూడండి. ఏ వేగంలో, ఎప్పుడు, ఎటువైపు వస్తున్నదో మరొకరిని కూర్చోబెట్టి వినమనండి. రబ్బరు మీద ఆయిల్ పోయకండి. పని చేయించినప్పుడు తొందరపెట్టకండి. వంద మైళ్లు నడిచాక బోల్టులు మళ్లీ ఒకసారి చూడండి. శబ్దం పోయిందని మీ చెవి చెబితే చాలదు, వెనుక కూర్చున్నవారిని అడగండి.

ఇంటిని నడిపేవారికి కూడా ఇది చెప్పవలసిన మాటే. ముందు కూర్చున్నవారికి దారి కనబడుతుంది గాని, వెనుక చక్రం ఎలా ఉందో తెలియదు. అది తెలిసినవారు చెప్పడం మానేశారంటే అంతా బాగుందని అర్థం కాదు.

అమ్మ 2003లో కన్నుమూసింది. హెరాల్డ్ ఇప్పటికీ మా దగ్గరే ఉంది. యాభై ఏండ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం వేరుగా నిబంధనలు తెచ్చింది. దానిని రోజూ తిప్పే వయస్సు దానికీ లేదు, నాకూ లేదు. ఎప్పుడైనా బయటికి తీస్తే నా మనవడు పట్టుబట్టి వెనుక ఎడమ వైపే కూర్చుంటాడు. మొదటి స్పీడు బ్రేకరు దాటగానే నేను అద్దంలో వాడిని చూసి అడుగుతాను: “ఏరా, వెనుక ఎలా ఉంది?”

వాడు చెప్పేదాకా ఆగుతాను.